గాలి లేకుండా తిరిగిన గాలిమర

గాలిమర టవర్లు, సెల్‌ టవర్ల నిర్మాణ రూపకల్పనలో మా శిక్షణ సంస్థ నిర్వహించిన ప్రత్యేక తరగతులు దిగ్విజయంగా ముగిశాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. అభ్యర్థులందరూ ఉత్తీర్ణులయ్యారు, ఒక్కరు తప్ప. అన్నీ యథాస్థానంలో ఉన్నాయి, టవర్ తప్ప.

ఆ ఒక్కరి గురించి, ఆ టవర్ గురించి ఊళ్ళో తలా ఒక మాట అనుకుంటున్నారు. అపోహలు తొలగించడం మా విధి గనుక జరిగింది జరిగినట్టు మనవి చేస్తున్నాము.

మా సంస్థ చరిత్ర ఘనమైనది. మొదట్లో టైపు నేర్పేది. టైపు మిషన్లు మూలపడ్డాక కంప్యూటర్లు నేర్పింది. కంప్యూటర్లు అందరికీ వచ్చేశాక కొంతకాలం వ్యక్తిత్వ వికాసం నేర్పింది. ఒకనాడు చైర్మన్ గారు మేడ మీద నిలబడి చుట్టూ చూస్తే ప్రతి డాబా మీదా ఒక సెల్‌ టవర్, దూరాన ప్రతి గుట్ట మీదా ఒక గాలిమర కనిపించాయి. "ఇన్ని ఉన్నాయంటే వీటినెవరో తయారుచేస్తూ ఉండాలి. వాళ్ళకెవరో నేర్పుతూ ఉండాలి. ఆ నేర్పేదేదో మనమే నేర్పితే పోలా?" అన్నారు. దూరదృష్టి అంటే అదీ. ఆ వారంలోనే బోర్డుకు కొత్త రంగు పడింది. గది అదే, కుర్చీలు అవే, మాస్టారూ ఆయనే.

డైరెక్టర్ పదవికి ఎవరు తగినవారనే విషయంలో చర్చ జరగలేదు. చైర్మన్ గారి బావమరిది ఇనుము వ్యాపారి. టవర్ అంటే ఇనుము. ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

ఇక మాస్టారు. ఆయన్ని అభ్యర్థులు "తర్వాతి స్లైడు మాస్టారు" అనేవారు. తెర మీద వచ్చినదాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివి, అద్దాలు సర్దుకుని, "తర్వాతి స్లైడు" అనేవారు. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయన నిజంగానే ఇంజనీరు, వంతెనలు కట్టారు. ఆ సంగతి సంస్థలో ఎవరికీ తెలియకుండా ఎంతో జాగ్రత్తపడ్డారు. తెలిస్తే పని చెబుతారని భయం.

అభ్యర్థుల్లో చాలామందిని వాళ్ళ వాళ్ళ కంపెనీలు పంపించాయి. సర్టిఫికెట్లు ఉన్నవాళ్ళకే కాంట్రాక్టులిస్తామని పైనుంచి ఉత్తర్వు వచ్చింది గనుక కంపెనీలకు సర్టిఫికెట్లు అవసరమయ్యాయి. అందరూ బుద్ధిమంతులు. వెనక వరసలో నిద్రపోయేవారు, ముందు వరసలో ఫోన్లు చూసుకునేవారు, నడుమ వరసలో స్లైడులను ఫొటోలు తీసుకునేవారు. జ్ఞానం ఫోన్లోకి చేరాక తలలోకి ఎక్కించుకోవడం స్థలం వృథా చేయడమేనని వారి అభిప్రాయం.

ఇంత చక్కని వాతావరణంలో ఒకమ్మాయి చేరింది. చిన్న టవర్ల కంపెనీలో కిందిస్థాయి ఇంజనీరు. మొదటి రోజే మాస్టారు "గాలి వేగం రెట్టింపయితే టవర్ మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. తర్వాతి స్లైడు" అన్నారో లేదో ఆమె లేచి నిలబడింది.

"ఎందుకండీ?"

గదిలో ఫోన్లన్నీ కిందికి దిగాయి. నిద్రపోతున్నవాళ్ళు మేలుకున్నారు. మాస్టారు తెర వంక చూశారు, ఆమె వంక చూశారు.

"ఎందుకేమిటమ్మా? స్లైడులో ఉందిగా."

ఆ పూట నుంచి ఆమెకు "ఎందుకమ్మ" అనే పేరు స్థిరపడింది. హాజరు పిలిచేటప్పుడు కూడా అదే పిలిచేవారు. ఆమె కూడా పలికేది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మాస్టారు మెట్ల మలుపులో ఆమెను ఆపారు. అటూ ఇటూ చూసి, జేబులోంచి సుద్దముక్క తీసి, గోడ మీద ఒక టవర్ గీశారు. "ఇదుగో చూడు. గాలి వేగం పెరిగితే రెండు జరుగుతాయి. వచ్చి గుద్దే గాలి ఎక్కువవుతుంది, గుద్దే ఊపూ ఎక్కువవుతుంది. రెండింతలు రెండు సార్లు. అందుకే నాలుగింతలు." చెబుతూంటే ఆయన ముఖం వెలిగిపోయింది. ఎవరో వస్తున్న అలికిడి కాగానే మోచేత్తో గోడ తుడిచేసి, "రేపు టైముకి రా" అని కసిరి వెళ్ళిపోయారు.

అలా ఆ తరగతుల్లో చదువు అంటూ జరిగితే మెట్ల మీదే జరిగింది. సెల్‌ టవర్‌కు ఏటవాలు కడ్డీలు ఎందుకుండాలో, కాళ్ళు కింద వెడల్పుగా పైన ఇరుకుగా ఎందుకుండాలో, పునాది మోయడమే కాక పైకి లేవకుండా పట్టుకోవాలని ఎందుకంటారో ఆమె అక్కడే నేర్చుకుంది. ఆయన వంతెనలు కట్టిన సంగతి కూడా ఆమెకు అక్కడే తెలిసింది. ఒకనాడు మాస్టారు అసలు సంగతి చెప్పారు.

"ప్రతి టవర్‌కీ తనకంటూ ఒక ఊగుడు ఉంటుందమ్మా. గాలిమర రెక్కల తిరుగుడు ఆ ఊగుడుతో కలవకూడదు. ఉయ్యాల చూశావు కదా? గట్టిగా తోయక్కర్లేదు, వేళకి తోస్తే చాలు. కలిసిందో, టవర్ దాన్నదే కూల్చుకుంటుంది. గాలితో పన్లేదు."

"ఆ స్లైడు మీరు దాటేశారు కదండీ?"

"ఇంటి దగ్గర చదువుకోమన్నాను కదా. తరగతిలో చెబితే నీలాంటిది లేచి ప్రశ్న అడుగుతుంది."

ఈలోగా చైర్మన్ గారికి మరో గొప్ప ఆలోచన వచ్చింది. అభ్యర్థుల చేతుల మీదుగా సంస్థ ఆవరణలో ఒక నిజమైన టవర్ కట్టించాలి. అదీ మామూలు టవర్ కాదు. "గాలిమరకో టవరూ, సెల్‌కో టవరూ ఎందుకు దండగ? రెండూ ఒకదానిమీదే పెట్టేస్తే సగం ఇనుము మిగులుతుంది" అన్నారు. డైరెక్టర్ గారు ముఖం చిన్నబుచ్చుకుని "సగమే వాడితే ఎలా బావా?" అన్నారు. చివరకు బిల్లులో రెండు టవర్ల ఇనుము, ఆవరణలో ఒక టవర్ ఇనుము ఉండేటట్టు కుటుంబంలో రాజీ కుదిరింది. ఉభయ ప్రయోజన టవర్ అని నామకరణం చేశారు.

టవర్ లేచింది. తల మీద మూడు రెక్కల గాలిమర అమర్చారు. రెక్కలు తిరగలేదు. ఆవరణకు ముందూ పక్కలా మేడలే గనుక అక్కడికి గాలి వచ్చే దారి లేదు. చోటు ఎంచేటప్పుడు నీడ చూశారు, కారు నిలపడానికి వీలు చూశారు, గాలి సంగతి ఎవరికీ తట్టలేదు. చైర్మన్ గారు కింద నిలబడి తలెత్తి చూసి నొచ్చుకున్నారు.

"ఏమిట్రా బావా ఇది, చచ్చిన ఫ్యానులా?"

"మోటారు పెట్టిద్దాం బావా. కరెంటుతో తిప్పుదాం."

కరెంటు పుట్టించవలసిన యంత్రాన్ని కరెంటు పెట్టి తిప్పే ఏర్పాటు అలా జరిగింది. ఎంత కరెంటు పుట్టిందో చూపించే డిజిటల్ బోర్డు కూడా గేటు దగ్గర పెట్టారు. దానిక్కూడా కరెంటు కావాలి. అభ్యర్థులంతా ఆ బోర్డు ముందు నిలబడి ఫొటోలు దిగారు. వీధిలోవాళ్ళు వచ్చి, ఉక్కపోతగా ఉంది, కాస్త మావైపు తిప్పి పెట్టించండి అని అర్జీ ఇచ్చారు. అర్జీ పరిశీలనలో ఉంది.

తర్వాత అలంకరణ. రెక్కల్లో ఒకదానికి చైర్మన్ గారి పేరు చెక్కిన ఇత్తడి పలక బిగించారు. మూడింటికీ బిగిద్దామని ఎవరో అంటే "ఒక్కటైతేనే కంటికి ఆనుతుంది" అన్నారు. గాలిమర కింద, వీధివైపు, చైర్మన్ గారి ముఖం లైట్లతో వెలిగే బోర్డు వచ్చింది. అది ఉట్టి ముఖమే, పలుచటి రేకు. అసలు బరువంతా వెనక. వీధిలో డాబాల మీదున్న సెల్‌ సామానంతా ఈ టవర్ మీదికే మార్చారు. సెల్‌ కంపెనీల డిష్షులు, పెట్టెలు ఆయన ముఖానికి అడ్డం రాకూడదని అన్నింటినీ వెనకవైపే వేలాడదీశారు. చిట్టచివర, ముఖ్య అతిథి గారి కారు టవర్ కిందినుంచి తోరణంలోంచి వచ్చినట్టు రావాలని డైరెక్టర్ గారికి ముచ్చటేసింది. అడ్డంగా ఉన్న కింది ఏటవాలు కడ్డీలను కోయించేశారు. కోసిన ఇనుము దుకాణానికి తిరిగి వెళ్ళింది.

ఎందుకమ్మ రోజూ భోజనానికి అక్క దగ్గరికి వెళ్ళేది. సంస్థ వెనక గోడను ఆనుకున్న రేకుల గదిలో అక్క డే కేర్ నడుపుతోంది. ఉద్యోగాలకు పోయే తల్లిదండ్రులు పొద్దున్నే పిల్లల్ని దింపి పోతారు. చాపలు, పాల సీసాలు, ఒక పక్క బొమ్మల గంప, తలుపు బయట ఉయ్యాల. ఆ మధ్యాహ్నం ఎందుకమ్మ ముద్ద నోట్లో పెట్టుకోకుండా కిటికీలోంచి టవర్ వంక చూస్తూ కూర్చుంది.

"ఏమే, దిష్టి పెడుతున్నావా దానికి?" అంది అక్క, ఒడిలో పసివాడికి పాలు పడుతూ.

"అక్కా, అది పడుతుంది."

"ఎప్పుడు?"

"నెమ్మదిగా తిప్పినంతసేపూ పడదు. వేగం పెంచితే పడుతుంది. పైన బరువు పెంచారు, కింద కడ్డీలు కోశారు. దాని ఊగుడు మందగించింది. ఒక రెక్కకి ఇత్తడి పలక వేశారు కదా, ఆ రెక్క తిరిగొచ్చినప్పుడల్లా ఒక తోపు. మోటారు ఒక వేగానికి వచ్చేసరికి ఆ తోపూ ఈ ఊగుడూ కలుస్తాయి."

"నాకర్థమయ్యేటట్టు చెప్పవే తల్లీ."

ఎందుకమ్మ బయటికి వెళ్ళి ఖాళీ ఉయ్యాలను వేలితో ఒకసారి తోసింది. అది వెనక్కి వచ్చే వేళకు మళ్ళీ వేలితోనే తోసింది. వేలితోనే తోస్తూ పోయింది. కాసేపటికి ఉయ్యాల పై దూలానికి ఎగిరి కొట్టుకుంది. అక్క పసివాణ్ణి గుండెకు హత్తుకుని లేచి నిలబడింది.

"ఏ వైపు పడుతుంది?"

"బరువంతా వెనక ఉంది. ఇటే."

"వేగం ఎవరు పెంచుతారు?"

"ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి మీట నొక్కుతారు."

అక్క నిట్టూర్చింది. "ముఖ్య అతిథి అంటున్నావు గదా. అయితే పెంచుతాడు."

ఎందుకమ్మ డైరెక్టర్ గారి గదికి వెళ్ళింది. లెక్క అంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నారు, ఎందుకంటే ఆ సమయంలో టీ తాగుతున్నారు.

"పడుతుందంటావు?"

"పడుతుందండీ. కడ్డీలు మళ్ళీ వేయించండి. పలక తీయించండి. కనీసం మోటారు వేగం పెంచనివ్వకండి."

"పలక తీయించమంటావా? బావ పేరున్న పలక?" ఆయన కప్పు కింద పెట్టారు. "చూడమ్మా, గాలికి తిరిగే మరనే గాలి ఏం చెయ్యలేకపోయింది. మోటారేం చేస్తుంది? నీది చిన్న వయసు. ఇట్లాంటి ప్రతికూల ఆలోచనలకి మా దగ్గర ఒక కోర్సు ఉండేది. ఆపేశాం, ఖర్మ."

గంట గడవకముందే ఆమె కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, అక్కడేదో గొడవ చేస్తున్నావట?"

"సార్, నేర్పిన పాఠం ప్రకారం చూస్తే టవర్..."

"నిన్ను పంపింది సర్టిఫికెట్ కోసమమ్మా. నేర్చుకోమని ఎవరు చెప్పారు?"

ఆమె మెట్ల మలుపుకు వెళ్ళి మాస్టారి కోసం నిలబడింది. ఆయన వచ్చారు. లెక్క చూపించింది. ఆయన అద్దాలు తుడుచుకుని మరీ చూశారు.

"సరిగ్గానే ఉంది. తప్పు దొరికితే బాగుణ్ణనుకున్నా. లేదు."

"మీరొక్క మాట చెబితే వింటారండీ. మీరు వంతెనలు కట్టినవారు."

"నెమ్మదిగా! ఎవరైనా వింటారు." ఆయన రెయిలింగు పట్టుకున్నారు. "నిజం చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా. రిటైర్మెంటు దగ్గరపడింది. ఆ కాస్తా కానివ్వు. బయటికి వెళ్ళగానే మొదట చేసే పని అదే."

ప్రారంభోత్సవానికి ముందు పరీక్ష జరిగింది. అందులో ఒక ప్రశ్న ఇది: గాలిమర రెక్కల వేగం టవర్ సహజ ఊగుడుతో కలిసినచో ఏమి జరుగును? అందరూ ఒకే జవాబు రాశారు. ఊగుడు పెరిగి టవర్ కూలును, కావున అట్టి పరిస్థితిని తప్పనిసరిగా నివారించవలెను. అందరికీ నిండు మార్కులు వచ్చాయి. పరీక్ష గదిలోంచి బయటికి వచ్చి, మర్నాటి ఉత్సవానికి అదే టవర్‌కు రంగు కాగితాలు కట్టారు. నిచ్చెన ఎక్కింది మొదటి ర్యాంకు వచ్చిన అభ్యర్థి.

ఉత్సవం రోజు అక్క డే కేర్‌కు సెలవు ప్రకటించింది. టవర్ కూలే ప్రమాదం ఉందని ప్రతి తల్లికీ తండ్రికీ గుమ్మంలోనే చెప్పింది. వాళ్ళ ఆగ్రహం సహేతుకమైనది. "ఇంత హఠాత్తుగా చెబితే మేం సెలవు ఎక్కడ పెట్టాలి?" అని ఒకరు. "టవర్ పడుతుందట! రేపు ఆకాశం పడుతుందంటారు" అని ఒకరు. "అన్నీ సాకులు" అని మరొకరు. మండిపడుతూనే పిల్లల్ని వెంటబెట్టుకుని పోయారు.

ఉత్సవం కన్నుల పండువగా జరిగింది. ముఖ్య అతిథి గారి కారు టవర్ కాళ్ళ మధ్యనుంచి దూసుకొచ్చి వేదిక ముందు ఆగింది. కరతాళ ధ్వనులు. పూలగుత్తులు. చైర్మన్ గారు ప్రసంగించారు.

"ఈ టవర్ ఇనుముతో కట్టింది కాదు!" అన్నారు. డైరెక్టర్ గారు ఉలిక్కిపడ్డారు. "ఆత్మవిశ్వాసంతో కట్టింది! గాలి కోసం ఎదురుచూసే రోజులు పోయాయి! మనం తిప్పితే గాలే రావాలి!"

ముఖ్య అతిథి గారు మీట నొక్కారు. రెక్కలు మెల్లగా కదిలాయి. ఆయన కాసేపు చూసి, పక్కకు వంగి, మైకు ఆన్‌లో ఉన్నదని గమనించక "ఇదేంటయ్యా, నిద్రలో నడుస్తోందా?" అన్నారు. డైరెక్టర్ గారు చెయ్యి ఊపారు. మోటారు దగ్గరున్న అభ్యర్థి వేగం పెంచాడు.

ఎందుకమ్మ వెనక వరసలోంచి లేచింది. "ఆపండి! ఇంకొంచెం పెంచితే ఊగుడు అందుకుంటుంది. ఆపండి!"

"ప్రశ్నలు చివర్లో" అన్నారు డైరెక్టర్ గారు, మైకులో.

వేదిక మీద ఒక కుర్చీలో మాస్టారు కూర్చుని ఉన్నారు. ఆమె ఆయన వంక చూసింది. ఆయన తన బూట్ల వంక చూసుకున్నారు.

టవర్ ఊగడం మొదలుపెట్టింది. మొదట లైట్ల బోర్డు మీది చైర్మన్ గారు నెమ్మదిగా తల ఆడించారు. అది ప్రత్యేక ఏర్పాటేమోనని జనం చప్పట్లు కొట్టారు. కొందరు నిలబడి కొట్టారు. తల ఆడించడం ఎక్కువైంది. చప్పట్లూ ఎక్కువయ్యాయి. "చూడండి, మన టవర్ సజీవం!" అని వ్యాఖ్యాత అన్నాడు. ఎందుకమ్మ కుర్చీల మధ్యనుంచి పరిగెత్తి, మోటారు దగ్గరున్న తన సహాధ్యాయిని పక్కకు తోసి, స్విచ్చు లాగేసింది. రెక్కలు మందగించాయి గాని అప్పటికే కడ్డీలు కోసిన చోట వెనక కాళ్ళలో ఒకటి ముడుచుకుపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. అలిసిపోయిన మనిషి కూలబడినట్టు వెనక్కి ఒరిగి, గోడ మీదుగా, రేకుల గది మీద పడింది.

దుమ్ము తగ్గాక వెళ్ళి చూస్తే గది లేదు. రేకుల కింద చాపలు, పాల సీసాలు, నుజ్జయిన బొమ్మల గంప. ఉయ్యాల ఉండవలసిన చోట ఇత్తడి పలక పడి ఉంది, చైర్మన్ గారి పేరు పైకి కనిపిస్తూ. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. అక్క వచ్చి చూసింది. వంగి, ఒక సీసా మూత ఏరి, కొంగుతో తుడిచి, దాన్నేం చేయాలో తెలియక పట్టుకు నిలబడింది. ఆమె పక్కనే మట్టిలో చతికిలబడి ఎందుకమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. తన లెక్క తప్పయి ఉంటే ఆమె ఎంత సంతోషించేదో. ఆ ఏడుపును తదుపరి విచారణలో పశ్చాత్తాపంగా నమోదు చేశారు.

విచారణ కమిటీ వెంటనే ఏర్పడింది. అధ్యక్షులుగా ఏ రంగంలోనూ ప్రవేశం లేని, అందువల్ల ఏ పక్షపాతమూ లేని పెద్దమనిషిని నియమించారు. సాక్షులందరూ నిజమే చెప్పారు. ఒక్కరు కూడా అబద్ధమాడలేదు, ఆడవలసిన అవసరం రాలేదు.

డైరెక్టర్ గారు చెప్పారు: "ఆ అమ్మాయి నా గదికొచ్చి టవర్ పడుతుందని స్పష్టంగా చెప్పింది. నాకు టవర్ల గురించి ఏమీ తెలియదు." పిల్లల తల్లిదండ్రులు చెప్పారు: "ఆ రోజే డే కేర్ మూశారు. ముందే తెలియకపోతే ఎందుకు మూస్తారు?" సహాధ్యాయులు చెప్పారు: "ఆపండి ఆపండి అని ముందే అరిచింది. అప్పటికింకా పడలేదు." అందరూ చెప్పినదాంట్లో ఒక్క మాట తేడా లేదు.

చివర్లో మాస్టారిని పిలిచారు.

"ఆమె మీతో కూడా చెప్పిందా?"

"చెప్పిందండీ."

"మీకు అర్థమైందా?"

మాస్టారు నేల చూపులు చూశారు. ఎందుకమ్మ ఎదురు బెంచీ మీద కూర్చుని ఉంది. ఆయన ఆమె వైపు తిరగలేదు.

"లేదండీ. నేను స్లైడులు చదువుతాను. అంతే."

తర్వాత ఆమెను నిలబెట్టారు.

"టవర్ కూలుతుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసండీ."

"ఎలా తెలిసింది?"

"పాఠంలో ఉందండీ. అందరికీ ఇచ్చిందే. అందరూ పరీక్షలో కూడా రాశారు."

అధ్యక్షుల వారు కలం కింద పెట్టారు. "పరీక్షలో రాసింది తెలిసినట్టు ఎలా అవుతుందమ్మా? అలాగైతే ఈ దేశంలో అందరికీ అన్నీ తెలిసుండాలి." గదిలో అందరూ నవ్వారు. న్యాయమైన మాటే. "సరే. చెప్పాను అంటున్నావు. ఎవరైనా విన్నారా?"

"లేదండీ."

"వినరని తెలుసా?"

"మొదట తెలియదు. తర్వాత తెలిసింది."

"వినరని తెలిసి కూడా చెబుతూ పోయావంటే, జనం వినకూడదనే ఉద్దేశంతోనే చెప్పినట్టు కాదా?"

ఆమె జవాబు చెప్పలేదు. ఈ మౌనాన్ని కూడా నమోదు చేశారు.

తీర్పు సులభంగానే తేలింది. టవర్ కూలుతుందని తెలియనివారు దాన్ని కూల్చే అవకాశం లేదు. కావున చైర్మన్ గారు, డైరెక్టర్ గారు, ముఖ్య అతిథి గారు, మాస్టారు, అభ్యర్థులు అందరూ నిర్దోషులు. తెలిసిన మనిషి ఒక్కరే. పైగా చివరిక్షణంలో మోటారును ముట్టుకున్నదీ ఆమే. బాధ్యత ఆమెదని కమిటీ ఏకగ్రీవంగా నిర్ణయించింది. ఆమెకు సర్టిఫికెట్ నిరాకరించారు, కంపెనీ ఉద్యోగంలోంచి తీసేసింది. మిగతా అభ్యర్థులకు, టవర్ కూలడాన్ని దగ్గరనుంచి పరిశీలించిన అనుభవాన్ని గుర్తించి, విశేష ప్రతిభ కింద సర్టిఫికెట్లు ఇచ్చారు. వారంతా ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీల్లో టవర్లు డిజైన్ చేస్తున్నారు. మాస్టారి సేవలను మెచ్చి సంస్థ ఆయన పదవీకాలాన్ని పొడిగించింది. రిటైర్మెంటుతో పాటు ఆయన చెప్పదలచుకున్న నిజం కూడా వాయిదా పడింది.

ఎందుకమ్మ కొన్నాళ్ళు ఇల్లు కదల్లేదు. ఆ తర్వాత అక్క వీధి చివర ఒక గది అద్దెకు తీసుకుంటే దాన్ని శుభ్రం చేయడానికి సాయం వెళ్ళింది. అలా వెళుతూనే ఉంది. పిల్లలకు తినిపిస్తుంది, నిద్రపుచ్చుతుంది. కంపెనీల నుంచి పిలుపులు లేవు. ఒకటి రెండు చోట్ల ఇంటర్వ్యూకు పిలిచి, "మీకు టవర్ల గురించి నిజంగానే తెలుసటగా?" అని అనుమానంగా చూసి పంపించేశారు.

అసలు విపత్తు ఆ తర్వాత వచ్చింది. టవర్ పోవడంతో వీధిలో ఫోన్లకు సిగ్నల్ పోయింది. పిల్లల మీద రేకులు పడబోయినప్పుడు బయటికి రాని జనం అప్పుడు బయటికి వచ్చారు. గేటు దగ్గర నినాదాలు చేశారు. చైర్మన్ గారు ప్రజల బాధకు చలించి, అదే చోట, అదే బావమరిది ఇనుముతో, ఇంకా ఎత్తయిన టవర్ కట్టడానికి పెద్దమనసు చేసుకున్నారు. వీధివాసుల సమ్మతి ఉంటే చాలన్నారు. సంతకాలు సేకరించే బాధ్యతను డే కేర్‌లో బిడ్డను వదిలే ఒక తండ్రే తలకెత్తుకున్నాడు.

అతను అక్క దగ్గరికీ వచ్చాడు.

"ఇక్కడొక సంతకం పెట్టక్కా. అందరూ పెట్టేశారు."

"ఈసారి ఏ వైపు పడుతుంది?" అంది అక్క.

"మీవైపు మాత్రం పడదక్కా. కనుక్కునే వచ్చా."

"మరెవరి వైపు?"

అతను గొంతు తగ్గించి, ఎదుటి ఇంటివైపు కళ్ళతో చూపించాడు. ఎదుటి ఇంట్లో అప్పటికే సంతకం అయింది. అక్కడ నిలబడి అతను ఎటు చూపించాడో వాళ్ళు బయటపెట్టలేదు గాని, అక్క గుమ్మం ముందునుంచి వెళ్ళినప్పుడల్లా వాళ్ళు జాలిగా పలకరిస్తున్నారు.

ఎందుకమ్మ లోపల పసిదాన్ని భుజాన వేసుకుని నిలబడి ఉంది. అక్క ఆమె వంక చూడలేదు. ఫోన్లు అందడం లేదని అప్పటికే కొందరు పిల్లల్ని వేరే చోటికి మార్చారు. ఇంకొందరు మార్చే ఆలోచనలో ఉన్నారు. అక్క కలం తీసుకుని సంతకం పెట్టింది.

కొత్త టవర్ పని చురుగ్గా సాగుతోంది. అటువంటివే మరికొన్ని వీధులకు మంజూరయ్యాయి. పాఠకుల ఇళ్ళకు కూడా ఆ కాగితం పట్టుకుని మనిషి వచ్చే ఉంటాడు. మీవైపు పడదనే చెప్పి ఉంటాడు.